అల్లీపురం చెరసాల నుంచి అందరి ఇళ్లకు: గాన గంధర్వుడు ఘంటసాల

బళ్లారి గాంధీనగర్‌లో గానీ, వేదవతి ఒడ్డున ఉన్న ఏ పల్లెలో గానీ తెలుగు మాట్లాడే ఒక ఇంట తాత, తండ్రి, మనుమడు ఒకచోట కూర్చున్నారనుకుందాం. ముగ్గురికీ నచ్చిన సినిమా ఒకటి దొరకడం కష్టం. ముగ్గురూ మెచ్చే నటుడు దొరకడమూ కష్టమే. అయితే ముగ్గురూ గుర్తుపట్టే గొంతు మాత్రం ఒకటి ఉంది. అది 1974లోనే మూగబోయింది. మనుమడు పుట్టే నాటికి ఆ గాయకుడు కన్నుమూసి దశాబ్దాలు గడిచాయి. అయినా ఆ కంఠం వినిపించగానే పిల్లవాడు సైతం ఘంటసాల అని పేరు చెప్పగలడు.

ఘంటసాల వేంకటేశ్వరరావు జీవితంలో బళ్లారికి ఒక ప్రత్యేక స్థానం ఉన్నదన్న సంగతి మాత్రం బళ్లారిలోనే చాలామందికి తెలియదు. సినిమా ప్రపంచం ఆయన పేరు వినకముందే, ఇరవై ఏళ్ల యువకుడిగా ఆయన ఈ ఊరి గాలి పీల్చారు. అయితే అతిథిగా కాదు, కచేరీకి వచ్చిన విద్వాంసుడిగానూ కాదు. చేతులకు సంకెళ్లతో, రాజకీయ ఖైదీగా.

తండ్రి చివరి కోరిక

ఘంటసాల 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని చౌటపల్లిలో జన్మించారు. తల్లి రత్తమ్మ. తండ్రి సూర్యనారాయణ మృదంగం వాయించేవారు, నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. భజన గోష్ఠులకు కుమారుణ్ణి భుజాన ఎక్కించుకుని తీసుకుపోయేవారు. తండ్రి పాడుతూ ఉంటే పసివాడు లయకు తగినట్లు అడుగులు వేసేవాడు. ఆ ముచ్చట చూసిన ఊరివారు అతణ్ణి బాల భరతుడని పిలుచుకున్నారు.

ఆ ఇంట సంగీతం ఉన్నదే కాని సంపద లేదు. ఘంటసాల ఇంకా చిన్నవాడుగా ఉండగానే సూర్యనారాయణ మంచం పట్టారు. కుమారుడు గొప్ప సంగీత విద్వాంసుడు కావాలన్నదొక్కటే కన్నుమూసేముందు ఆ తండ్రి కోరిన కోరిక. పొలం, ఇల్లు ఇచ్చిపోలేని తండ్రి ఒక కోరికను ఆస్తిగా ఇచ్చిపోయాడు. కుటుంబ భారాన్ని మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య వహించారు.

కోరిక ఉన్నంత మాత్రాన విద్య రాదు. ఆ రోజుల్లో సంగీతం నేర్చుకోవాలంటే గురువు ఇంట ఉండాలి. సంగీతం నేర్పుతారన్న ఆశతో ఘంటసాల విద్వాంసుల ఇళ్లలో బట్టలుతికారు, అంట్లు తోమారు. చాకిరీ మిగిలింది, విద్య మాత్రం అందలేదు. చివరకు విజయనగరంలో సంగీత కళాశాల ఉన్నదని తెలుసుకుని, తన వేలి ఉంగరం అమ్ముకుని ఆ డబ్బుతో రైలెక్కారు. ఇంట్లోవారికి చెప్పకుండానే సాగిన ప్రయాణమది.

విజయనగరం వీధుల్లో జోలె

విజయనగరం మహారాజా సంగీత కళాశాలకు అప్పుడు అధ్యక్షులు వయొలిన్ విద్వాంసులు ద్వారం వేంకటస్వామినాయుడు. ఘంటసాల చేరుకునే నాటికి కళాశాలకు సెలవులు. ఊరుగాని ఊరు, ఎరిగినవారు లేరు. తలదాచుకునే చోటు దొరికింది కాని తిండి సమస్య తీరలేదు. వారానికొక రోజు చొప్పున ఒక్కొక్క ఇంట భోజనం చేస్తూ చదువుకునే పద్ధతి ఆనాటి పేద విద్యార్థులందరికీ ఉండేది. దాన్నే వారాలు చేసుకోవడం అనేవారు. ఘంటసాలకు కొంతకాలం ఆ ఆసరా కూడా తప్పింది. తోటివారు చేసిన తప్పు తన మీద పడి ఉన్న నీడ పోగొట్టుకోవలసివచ్చింది. గుడిలో తలదాచుకున్న రోజులవి.

అటువంటి సమయంలో ఆయనను చేరదీసినవారు సంగీత కళాశాల ఆచార్యులు పట్రాయని సీతారామశాస్త్రి. సాలూరు చినగురువుగారని ఉత్తరాంధ్రలో పేరుపొందిన ఈ పండితుడు కలవారు కారు. తన ఇల్లు గడవడమే కష్టమైనా శిష్యుని వద్ద ఒక్క రూపాయి ఆశించకుండా విద్య నేర్పారు. అన్నం మాత్రం శిష్యుడే సంపాదించుకోవలసివచ్చింది. భుజాన జోలె తగిలించుకుని ఇంటింటికీ తిరిగి మధుకరం తెచ్చుకున్నారు ఘంటసాల. ఆ అన్నంలో కొంత తిని, మిగిలినదాన్ని మరో పూటకు దాచుకునేవారు.

తరువాతి కాలంలో లక్షలాది జనం జేజేలు పలికినప్పుడు కూడా ఘంటసాల ఈ జోలెను మరచిపోలేదు. చిననాటి లేమిని దాచుకోవలసిన అవమానంగా ఆయన ఎన్నడూ భావించలేదు. పేరు తెలియని ఎందరో గృహిణులు పెట్టిన పిడికెడు మెతుకులతో తన గొంతు పెరిగిందని ఆయన ఎరుగుదురు. గురుపుత్రులు పట్రాయని సంగీతరావును తరువాత మద్రాసుకు పిలిపించుకుని, చివరిదాకా తన సంగీత సహాయకులుగా పక్కనే ఉంచుకున్నారు. గురువు చూపిన ఆదరాన్ని శిష్యుడు తిరిగి గురువు కుమారునికి చూపిన తీరు అది.

బళ్లారి మట్టిమీద ఖైదీ

గాత్రంలో పట్టా పుచ్చుకుని ఘంటసాల స్వగ్రామం చేరుకున్నారు. ఉత్సవాల్లో, పెండ్లిళ్లలో పాడారు, పిల్లలకు పాఠాలు చెప్పారు. అంతలో 1942 ఆగస్టులో క్విట్ ఇండియా పిలుపు వచ్చింది. ఊరూరా తిరుగుతూ దేశభక్తి గీతాలు పాడిన ఈ యువకుణ్ణి ప్రభుత్వం నిర్బంధించి బళ్లారి అల్లీపురం జైలుకు పంపింది.

కొన్ని పుస్తకాల్లో ఈ పేరు అలీపూరుగా అచ్చయినందువల్ల అది కలకత్తాలోని జైలని పొరబడేవారున్నారు. కాని ఘంటసాల శిక్ష అనుభవించింది మన బళ్లారి పక్కనున్న అల్లీపురంలోనే. బళ్లారి అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని జిల్లా. కోస్తా నుంచీ, సీమ నుంచీ పట్టుబడిన సత్యాగ్రహులను ఇక్కడికి తరలించేవారు. కృష్ణా తీరపు పచ్చదనంలో పెరిగిన యువకుడు ఇక్కడి బండరాళ్ల మధ్య, ఎండల మధ్య ఏడాదికి పైగా గడిపాడు. విడుదలయ్యేనాటికి చేతిలో ఉద్యోగం లేదు, ముందు దారీ కనిపించలేదు. ఉన్నదల్లా తండ్రి కోరిక, గురువు ఇచ్చిన విద్య.

బళ్లారి నాటకరంగానికి పుట్టినిల్లు వంటిది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు ఇక్కడ నాటక సమాజాలు నడిపి తెలుగు నాటకానికి రూపం ఇచ్చారు. రామకృష్ణమాచార్యులను ఆంధ్ర నాటక పితామహుడన్నారు. వారి వెనుక వచ్చిన బళ్లారి రాఘవ రాగం తీయడం కన్న భావం చూపడమే నటనకు ప్రాణమని నమ్మి ఆచరించారు. వేదికమీద పద్యాన్ని సాగదీసి వన్స్‌మోర్‌ల కోసం పాడే అలవాటును ఆయన అంగీకరించలేదు. 1946లో రాఘవ కన్నుమూసే నాటికి ఘంటసాల సినిమాలో తొలి అడుగులు వేస్తున్నారు. ఈ ఇద్దరి మధ్య పరిచయాన్ని ఎవరూ కల్పించనవసరం లేదు. అయితే రాఘవ నాటకంలో కోరుకున్న ఆ భావప్రాధాన్యమే కొద్ది సంవత్సరాలకు ఘంటసాల గొంతులో పద్యానికి సిద్ధించింది. సరిహద్దు పల్లెల శ్రోతలు ఆయనను అంత తొందరగా తమవాణ్ణి చేసుకోవడానికి ఇదొక కారణం.

పానగల్ పార్కు నుంచి పాతాళభైరవి దాకా

1944 మార్చిలో ఘంటసాలకు మేనమామ కుటుంబానికి చెందిన సావిత్రితో వివాహం జరిగింది. పెండ్లికి పాటకచేరీ కావాలంటే వరుడే కూర్చుని పాడారు. ఆ తరువాత సినీ రచయిత సముద్రాల రాఘవాచార్యుల పరిచయం ఆయనను మద్రాసు దారి పట్టించింది. సముద్రాల ఆదరించినా, వారి చిన్న ఇంటికి భారం కాకూడదని ఆ యువకుడు పానగల్ పార్కులో రాత్రులు గడిపాడు. ఒకనాడు విజయనగరంలో గుడి అరుగు, మరొకనాడు మద్రాసులో పార్కు బల్ల. ఆయన చదువుకున్నదీ, ఎదిగినదీ ఇటువంటి చోట్లనే.

సముద్రాల ఆయనను చిత్తూరు నాగయ్యకు, బి.ఎన్.రెడ్డికి పరిచయం చేశారు. 'సీతారామ జననం'లో బృందగానంలో గొంతు కలిపారు. 1945లో వచ్చిన 'స్వర్గసీమ'లో భానుమతితో కలిసి పాడిన పాట నేపథ్య గాయకుడిగా తొలిమెట్టు. ఆకాశవాణిలో బాలాంత్రపు రజనీకాంతరావు అవకాశాలిచ్చారు. గ్రామఫోను సంస్థలో పనిచేసిన పేకేటి శివరాం ఆయన చేత ప్రైవేటు పాటలు రికార్డు చేయించారు. తరువాతి రోజుల్లో కన్నడ చిత్రాలకు దర్శకత్వం వహించిన పేకేటి ఈయనే.

1949లో 'మనదేశం', 'కీలుగుఱ్ఱం' చిత్రాలతో ఆయన సంగీత దర్శకుడిగా నిలదొక్కుకున్నారు. ఎన్.టి.రామారావు తొలిసారి తెరమీద కనిపించినది ఆ 'మనదేశం'లోనే. 1951లో విజయావారి 'పాతాళభైరవి' విడుదలైంది. తోటరాముడి పాటలు ఊరూరా మారుమోగాయి. అదే ఏడాది 'మల్లీశ్వరి'లో సాలూరి రాజేశ్వరరావు సంగీతంలో పాడారు. 1953లో 'దేవదాసు' వచ్చింది. దానికి స్వరాలు కూర్చిన సి.ఆర్.సుబ్బరామన్ చిత్రం విడుదల కాకమునుపే మరణించారు. తాగుడులో కరిగిపోయే ఆ ప్రేమికుని బాధకు ఘంటసాల ఇచ్చిన గొంతు, అక్కినేని నాగేశ్వరరావు ముఖం విడదీయరానివయ్యాయి.

రామారావుకు పాడినప్పుడు గొంతులో ఠీవి, నాగేశ్వరరావుకు పాడినప్పుడు మార్దవం, హాస్యనటుడు రేలంగికి పాడినప్పుడు చిలిపితనం. టూరింగు టాకీసులో నేలటిక్కెట్టు కొని కూర్చున్న రైతుకు ఆ పాట పాడుతున్నది తెరమీది మనిషి కాదని తట్టేదే కాదు. 'మాయాబజార్' సంగీతాన్ని రాజేశ్వరరావు ప్రారంభించి కొన్ని బాణీలు కట్టి తప్పుకోగా, మిగిలిన భారాన్ని ఘంటసాల మోశారు. ఎక్కడ ఒకరి చేయి ఆగి మరొకరి చేయి మొదలైందో వినేవారికి తెలియదు. 1957 నాటి ఆ చిత్రం, 1962 నాటి 'గుండమ్మ కథ', 1963 నాటి 'లవకుశ' ఆయన సంగీత దర్శకత్వానికి మూడు శిఖరాలు. తెలుగులో పూర్తిగా రంగుల్లో తీసిన తొలి చిత్రమైన 'లవకుశ' కోసం పల్లెజనం బండ్లు కట్టుకుని టౌనుకు పోయిన సంగతి పాతతరం వారు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అన్నిట్లోనూ విజయమే దక్కలేదు. 'పరోపకారం', 'సొంతవూరు', 'భక్త రఘునాథ్' అనే మూడు చిత్రాలను ఆయన స్వయంగా నిర్మించారు. పాట ఇచ్చినంత ఉదారంగా వ్యాపారం ఆయనకు కలసిరాలేదు. సంపాదించినదాంట్లో పెద్దభాగం ఆ చిత్రాలు తినివేశాయి. అయినా ఆయన ఇంట వంటపొయ్యి ఆరలేదు. హిందుస్తానీ సంగీత చక్రవర్తి బడే గులాం అలీఖాన్ మద్రాసు వచ్చినప్పుడు ఘంటసాల ఇంటనే బస చేశారు. జోలె పట్టిన చేయి అతిథికి విస్తరి వేయడంలో ఎన్నడూ వెనుకాడలేదు.

పద్యానికి కొత్త ఊపిరి

తెలుగువారికి పద్యం పుట్టుకతో వచ్చిన ఆస్తి. కాని పాత నాటకాల్లో మైకు ఉండేది కాదు. చివరి వరుసలోని ప్రేక్షకుడికి వినపడాలంటే నటుడు శ్రుతి పెంచి, గొంతెత్తి, రాగం సాగదీసి పాడవలసివచ్చేది. ఆ ధాటిలో మాట నలిగిపోయేది. రాగం మిగిలేది, అర్థం జారిపోయేది.

మైకు వచ్చాక గొంతు చించుకోవలసిన అవసరం పోయిందని అందరికన్న బాగా గ్రహించినవారు ఘంటసాల. గ్రామఫోను ప్లేటుకు ఒక పక్క మూడు నిమిషాలకు మించి పట్టదు. ఆ ఇరుకునే ఆయన బలంగా మార్చుకున్నారు. పద్యం మొదట కొద్దిపాటి ఆలాపన, తరువాత పాదంలోని మాట విరిగే చోటే విరుపు, భావం బరువెక్కే చోటే రాగం, చివర క్లుప్తమైన ముగింపు. ణకారం నకారం కాలేదు, ళకారం లకారం కాలేదు, ఒత్తులు జారిపోలేదు. చదువురానివాడు కూడా ఒకసారి విని ఆ పద్యాన్ని తప్పులేకుండా అప్పజెప్పగలిగాడు.

కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి రచించిన 'పుష్పవిలాపం', 'కుంతీకుమారి' పద్యాలు ఈ విధంగానే ఇంటింటి ఆస్తి అయ్యాయి. పూవు కోయబోయిన మనిషిని పూలు నిలదీసే ఘట్టం, కన్నబిడ్డను గంగపాలు చేయబోయే తల్లి తల్లడిల్లే ఘట్టం విని కంటతడి పెట్టని ఇల్లు లేదు. పుస్తకంలో పండితులకు పరిమితం కావలసిన కవిత్వం ప్లేటుమీద ఎక్కి పశువుల కాపరి దాకా చేరింది. 1967లో వచ్చిన 'శ్రీకృష్ణావతారం'లో తిరుపతి వేంకటకవుల రాయబారం పద్యాలను పాడిన తీరు పల్లెటూరి నటులకు పాఠమైంది. జాతరలో కృష్ణుడి వేషం కట్టేవాడు నేటికీ ఆ బాణీలోనే పద్యం ఎత్తుకుంటాడు.

ఎల్ల దాటిన గొంతు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిశాయి. బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. అన్నదమ్ముల పొలాల మధ్య, ఆడపడుచు ఇంటికీ పుట్టింటికీ మధ్య ఒక రాష్ట్రపు ఎల్ల వచ్చి నిలిచింది. కార్యాలయాల్లో, బడుల్లో భాష మారింది. కాని గాలిలో వచ్చే పాటకు చెక్‌పోస్టు లేదు.

సిలోను రేడియోలో మీనాక్షీ పొన్నుదురై తెలుగు పాటలు వినిపించిన కాలంలో, వివిధభారతి వచ్చిన కాలంలో, 1963లో కడప ఆకాశవాణి కేంద్రం మొదలైన కాలంలో హద్దుకు ఇరుపక్కలా ఒకే గొంతు మోగింది. ఊరికొకటో రెండో రేడియోలు ఉన్న రోజుల్లో అరుగుమీద పెట్టిన ఆ పెట్టె చుట్టూ వీధి అంతా చేరేది. పెండ్లికి మైకుసెట్టు కట్టినవాడు మొదట దేవుడి పాట వేసేవాడు. 1960 నాటి 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం'లో తిరుమలేశుని సన్నిధిన ఘంటసాల స్వయంగా తెరమీద కూర్చుని పాడిన పాటతో తెల్లవారిన పెండ్లిపందిళ్లు ఎన్నో.

ఆయన గొంతు తెలుగుకే పరిమితం కాలేదు. తమిళ 'దేవదాస్'లోనూ ఆయనే పాడారు. కన్నడ శ్రోతలకు ఆయన ఇచ్చిన కానుక 1965 నాటి 'సత్య హరిశ్చంద్ర'లో ఉంది. హుణసూరు కృష్ణమూర్తి దర్శకత్వం వహించగా రాజ్‌కుమార్ హరిశ్చంద్రుడిగా నటించిన ఆ చిత్రానికి సంగీతం పెండ్యాల నాగేశ్వరరావు. అందులో వీరబాహు పాత్రధారి ఎం.పి.శంకర్‌కు ఘంటసాల పాడారు. కులాల్లో మేలేది, కీడేది అని నవ్వుతూ అడిగే ఆ శ్మశాన పాలకుని పాట కన్నడనాట సామెతవలె నిలిచిపోయింది. 2008లో ఆ చిత్రం రంగులద్దుకుని మళ్లీ విడుదలైనప్పుడు కొత్తతరం కూడా ఆ పాటకు ఈలలు వేసింది. పాడినది తెలుగువాడని తెలియకుండానే ఆ పాటను తమదిగా పాడుకునే కన్నడిగులు ఎందరో. తెలుగు కన్నడాల మధ్య గోడలు కట్టాలని చూసేవారికి ఆ ఒక్క పాట చాలు సమాధానం.

చివరి రోజులు, గీత

1970లో భారత ప్రభుత్వం పద్మశ్రీతో సత్కరించింది. తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసుడిగా గౌరవించింది. 1971లో అమెరికా, ఇంగ్లండు, జర్మనీ దేశాల్లో కచేరీలు చేశారు, ఐక్యరాజ్యసమితిలోనూ పాడారు. చౌటపల్లి భజన గోష్ఠిలో మొదలైన గొంతు అంతదూరం వెళ్లింది.

అయితే శరీరం అప్పటికే అలసిపోయింది. మధుమేహం, గుండెజబ్బు ఆయనను పీడించాయి. పాటలు తగ్గాయి. కొత్త గాయకులు వస్తున్నారు. 1969లో 'ఏకవీర'లో తనతో గొంతు కలిపిన యువకుడు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం తరువాతి తరానికి ప్రతినిధి అయ్యారు. బాలు జీవితాంతం ఘంటసాలను గురుస్థానంలో నిలిపి మొక్కారు.

ఆ అనారోగ్యంలోనే ఘంటసాల భగవద్గీత రికార్డింగుకు పూనుకున్నారు. సంగీతరావు పక్కన ఉన్నారు. పద్దెనిమిది అధ్యాయాల నుంచి ఎంపిక చేసిన శ్లోకాలను రాగాల్లో కూర్చి, ఒక్కొక్కదాని తాత్పర్యాన్ని తెలుగులో తన గొంతుతోనే చెప్పారు. సంస్కృతం రాని రైతుకు గీత అర్థమయ్యే మార్గం అది. ఆ గొంతులో యౌవనపు మెరుపు తగ్గింది, బదులుగా శాంతం వచ్చి చేరింది. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఘంటసాల కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు యాభై ఒక్క సంవత్సరాలే. గీత రికార్డులు ఆయన మరణానంతరమే విడుదలయ్యాయి. తాను పాడినదాన్ని జనం ఎంతగా గుండెకు హత్తుకున్నారో చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు.

ఇక్కడ ఒక విచారకరమైన సంగతి చెప్పుకోవాలి. ఊరిలో ఎవరైనా మరణిస్తే ఇంటిముందు ఆ గీతను మైకులో పెట్టడం ఆచారమైపోయింది. శవయాత్ర బండి ముందు అదే మోగుతుంది. అందువల్ల తెల్లవారుజామున ఎక్కడినుంచైనా ఆ శ్లోకం వినపడితే ఎవరు పోయారోనని వీధి వీధంతా ఉలిక్కిపడుతుంది. ఇంట్లో పిల్లలు వినాలని పెడితే పెద్దవారు అపశకునమని కట్టివేయిస్తారు. దుఃఖంలో ఉన్న కుటుంబానికి ఆ గొంతు ఓదార్పు ఇస్తుందన్నది నిజం. ఎందరో బిడ్డలు తల్లిదండ్రులను ఆ గొంతు వింటూనే సాగనంపారు. అయితే గీత పుట్టింది శ్మశానంలో కాదు. చేయవలసిన పని ముందు చేతులు వణికిన మనిషిని లేచి నిలబెట్టడానికి పుట్టింది. ప్రాణం పోతున్నదని తెలిసి కూడా చేపట్టిన పని వదలని గాయకుడు పాడినది అది. చావు కబురుగా మాత్రమే దాన్ని వినడం పాడినవారికీ, పాటకూ న్యాయం కాదు.

తరాల వెంట

సాధారణంగా సినిమా పాటకు ఆయుష్షు తక్కువ. తండ్రి మెచ్చినది కొడుకుకు పాతబడుతుంది. ఘంటసాల పాటకు ఆ గతి పట్టలేదు. గ్రామఫోను పోయి రేడియో వచ్చింది, రేడియో వెనకబడి క్యాసెట్టు వచ్చింది, క్యాసెట్టు పోయి సీడీ వచ్చింది, అదీ పోయి సెల్‌ఫోను వచ్చింది. యంత్రాలు మారిన ప్రతిసారీ కొత్తదానిలోకి మొదట ఎక్కిన పాటల్లో ఆయన పాటలు ఉన్నాయి. 2003లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంపు విడుదల చేసింది. విజయవాడలో ప్రభుత్వ సంగీత కళాశాల ఆయన పేరును ధరించింది. 2022 డిసెంబరు నాటికి నూరేళ్లు నిండినప్పుడు తెలుగువారున్న ప్రతి దేశంలోనూ శతజయంతి సభలు జరిగాయి.

సరిహద్దు కుటుంబాలకు ఈ నిలుకడ ఇంకొక విధంగా ముఖ్యమైనది. ఇక్కడి తెలుగు పిల్లలు బడిలో కన్నడం చదువుతారు, లేదా ఇంగ్లీషు చదువుతారు. అది తప్పు కాదు. అన్నం పెట్టే నేల భాష నేర్చుకోవడం ధర్మం. కాని ఇంటి భాషను అక్షరాల్లో చదవలేని తరం పెరుగుతున్నది. నన్నయ పద్యం గానీ, కరుణశ్రీ పద్యం గానీ పుస్తకంలో ఇస్తే ఆ పిల్లలకు అది నల్లని గీతలే. అదే పద్యం ఘంటసాల గొంతులో వినిపిస్తే అర్థమవుతుంది, నోటికి వస్తుంది. అవ్వ పాడితే మనుమరాలు పట్టుకుంటుంది. అక్షరం చేరలేని చోటికి ఆ గొంతు తెలుగును మోసుకుపోతున్నది. ఒత్తు పలకడం, విరుపు ఎరగడం, పెద్ద మాటకు జంకకపోవడం పిల్లలకు ఆ పాటే నేర్పుతున్నది.

తన పాట ఇంతకాలం నిలుస్తుందని ఘంటసాల లెక్క వేసుకుని పాడలేదు. పాటలోని మాట వినేవానికి చేరాలన్నదొక్కటే ఆయన పట్టుదల. విద్వాంసుల మెప్పు కన్న ముందు విన్నవాడి కడుపు నిండాలన్నది ఆయన నియమం. పిడికెడు మెతుకుల విలువ తెలిసినవాడికే అటువంటి నియమం పట్టుబడుతుంది. విజయనగరంలో ఏ గృహిణులు ఆ జోలెలో అన్నం వేశారో వారి పేర్లు చరిత్రకు ఎక్కలేదు. ఆ అన్నపు రుణం మాత్రం కోట్ల ఇళ్లలో, మూడు నాలుగు తరాలుగా, పాటగా తీరుతూనే ఉన్నది.

అల్లీపురంలో ఒకనాడు ప్రభుత్వం బంధించిన ఆ యువకుడు నేడు బళ్లారి జిల్లాలో ఏ ఇంటి తలుపూ తట్టనవసరం లేదు. ఆ ఇళ్లలో ఆయన ఎప్పుడో చేరి కూర్చున్నారు.